పది అడుగుల నాడె

అమీర్‌పేటలో మా ఇంటికీ మార్కండేయులన్న ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గోడ అవతల పొద్దస్తమానం గరగరమని చప్పుడు వినపడుతుంటే ఎలుకలేమో అనుకున్నాను. మా ఆయన సాయిలుతో చెబితే పడీ పడీ నవ్వాడు. "ఎలుకలు గాదే, మార్కండేయులన్న నాడెలు చెక్కుతుండు" అన్నాడు.

నాడె అంటే మగ్గంలో నూలు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే చెక్క. జానెడు పొడవుంటుంది, రెండు కొసలూ సన్నబడి కొంచెం పైకి లేచి, చిన్న పడవలా కనిపిస్తుంది. మార్కండేయులన్న వాళ్లది పోచంపల్లి వైపు. తండ్రి నేసేవాడు, ఈయన నేసేవాళ్లకు నాడెలు చేసివ్వడంలో పడ్డాడు. నోట్లో నాలుక లేని మనిషి. పని దగ్గర మాత్రం మహా మొండి. చెక్కడం అయ్యాక లక్క మెరుగు పెట్టి, గవ్వతో రుద్ది రుద్ది, చివరికి కళ్లు మూసుకుని ఒంటి నూలు పోగును దాని మీద లాగేవాడు. ఎక్కడైనా పోగు తట్టుకుందా, ఆ నాడె మళ్లీ మొదటికి. నేతగాళ్లు పాపం వాకిట్లో కూర్చుని గుటకలు మింగుతుండేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. "ఇంత చాదస్తమేందన్నా, ఇచ్చి పంపరాదా" అని గోడ మీంచి అంటే, "పోగు తెగితే తిట్టేది నన్నే గద చెల్లే" అని నవ్వేవాడు.

ఆయన భార్య కమలవ్వ పంజాగుట్టలో ఒక బంగ్లాలో వంటింటి పనికి పోయేది. వాళ్లకు పిల్లల్లేరు. ఉన్నది ఒక్కడే, కమలవ్వ తమ్ముడు నర్సింహులు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. కమలవ్వ చంకనేసుకుని తెచ్చుకుంది. మార్కండేయులన్న వాణ్ని బామ్మర్ది అని ఏనాడూ అనుకోలేదు. ఎవరైనా అడిగితే "మా పిలగాడు" అనేవాడు, అంతే.

పద్దెనిమిదేళ్లు రాగానే వాడు కులపోళ్లతో కలిసి బొంబాయి మిల్లుకు పోయాడు. మిల్లు పొగ పడలేదట, సముద్రం ఒడ్డున ఒక దొర దగ్గర పనికి కుదిరాడు. ఆ దొర దగ్గర ఒక పొడుగాటి చెక్క బల్ల ఉండేది. దాన్ని సముద్రంలోకి తోసుకుపోయి, అల వచ్చేటప్పుడు దాని మీద లేచి నిలబడి ఒడ్డు దాకా వచ్చేవాడు దొర. మనవాడి పని ఆ బల్ల మోయడం. మోసి మోసి, దొర చూడనప్పుడు ఎక్కి ఎక్కి, దొర కంటే బాగా నిలబడడం నేర్చుకున్నాడు.

1937 ఎండాకాలంలో ఇంటికి వచ్చి ఈ సంగతంతా చెప్పాడు. వాకిట్లో కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, చేతులు చాపి నిలబడి చూపించాడు. మేమంతా నవ్వాం. వాడు నవ్వలేదు. "రుద్రక్కా, నీళ్లే మనల్ని మోస్తయే. నువ్వు ఊకె నిలవడితే సాలు" అన్నాడు నాతో. వాడి మొహం చూసి నా నవ్వు ఆగిపోయింది.

దొర తన దేశం వెళ్లిపోతూ బల్ల పట్టుకుపోతున్నాడు. ఒడ్డునే ఉన్న ఒక హోటలు వాళ్లు, నీకంటూ ఒక బల్ల ఉంటే మా అతిథులకు నేర్పే పని ఇస్తామన్నారు. బొంబాయి వడ్లవాళ్లను అడిగితే తలుపు చేసినట్టు చేస్తామన్నారట. "నువ్వైతేనే అయితది బావా. అది పది అడుగుల నాడె, గంతే" అన్నాడు నర్సింహులు.

కమలవ్వకు ఆ మాట నచ్చలేదు. పంజాగుట్ట బంగ్లాలో తోటమాలి పనికి తమ్ముడి పేరు అప్పటికే చెప్పి పెట్టుకుంది. బల్ల లేకపోతే వాడు ఇక్కడే ఉంటాడు, బల్ల అయితే పోతాడు. ఆమెకు తెలిసిన లెక్క అది. "సముద్రం మనకెందుకు? నువ్వు చెయ్యకు" అని మొగుడికి గట్టిగా చెప్పింది. ఆయన ఊఁ అన్నాడు. ఊఁ అని పనిలోకి దిగాడు.

నర్సింహుల్ని వాకిట్లో బోర్లా పడుకోబెట్టి, ఎడం వదిలి వాడి చుట్టూ ముగ్గుతో గీత గీశాడు. చేతులు రెండు పక్కలా నీళ్లు తోయాలి కాబట్టి చంకల దగ్గర వెడల్పు ఎంతుండాలో, బరువు ఎక్కడ పడుతుందో, కాళ్లు ఎక్కడికి వస్తాయో చూసి చూసి చెరిపి గీశాడు. మర్నాడు పొద్దున్నే కమలవ్వ లేచి వాకిలంతా పేడనీళ్లతో అలికేసింది. రోజూ అలికేదే, కాని అంత కసిగా అలకడం నేనెప్పుడూ చూడలేదు.  మార్కండేయులన్న పాత ధోవతి ఒకటి పొడుగునా సగానికి మడిచి, బొగ్గుతో ఒక పక్క మాత్రం గీసి, కత్తిరించి విప్పాడు. రెండు పక్కలూ సూది మొన తేడా లేకుండా వచ్చాయి. "అలికినా పోదిగ" అన్నాడు మెల్లిగా, నాకు మాత్రమే వినపడేట్టు.

మొదట జానెడు బొమ్మ ఒకటి చేసి గంగాళంలో వేసి, మీద రాళ్లు పేర్చి ఎంత మునుగుతుందో చూశాడు. రెండు బొమ్మలు పారేశాడు, మూడోది నచ్చింది. తర్వాత నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క తెప్పించాడు. తెల్లగా, దూదిలా తేలికగా ఉంటుంది. నాలుగు పలకలు చెక్క మేకులతో బిగించి, నూనెలో కాచిన గుగ్గిలంతో సందులు పూడ్చాడు. ముక్కు నాలుగు వేళ్లెత్తు లేస్తే చాలని నర్సింహులు అన్నాడు. "చాలదురా. నూలుల ముక్కు దిగవడితే నాడె బోర్ల వడ్తది, నీళ్లైనా అంతే గద" అని ఈయన ఆరు వేళ్లు లేపాడు. నర్సింహులు నోరు తెరిచి చూశాడు. దొర కూడా తన బల్ల గురించి అదే మాట అనేవాడట. సముద్రం మొహం చూడని మనిషికి అది ఎలా తెలిసిందో!

చెక్కడం పూర్తయ్యాక నర్సింహులు చుట్టాల పెళ్లికి పోచంపల్లి వెళ్లి ఎనిమిది రోజులు ఉండిపోయాడు. ఆ ఎనిమిది రోజులూ మార్కండేయులన్న అన్నం కూడా నిలబడే తిన్నాడు. అవిసె నూనె పట్టించి, లక్క మెరుగు పెట్టి, గవ్వతో పైనా కిందా రుద్దాడు. ఇంకో పూత, ఇంకోసారి రుద్దడం. చివరికి పది అడుగుల పొడవునా నూలు పోగు లాగాడు, నేనే ఆ కొస పట్టుకున్నాను. ఎక్కడా తట్టుకోలేదు. వాడకట్టంతా వచ్చి అందులో మొహాలు చూసుకున్నారు. కమలవ్వ తప్ప.

నర్సింహులు తిరిగొచ్చి, బల్లను చూసి, పైన అరచేత్తో రాసి చెయ్యి అక్కడే ఉంచి నిలబడిపోయాడు. సంతోషంతో అనుకున్నాం.

మర్నాడు దాన్ని హుసేన్ సాగర్‌కు తీసుకుపోయి తేల్చి చూద్దామన్నారు. మా ఆయనా నర్సింహులూ చెరో కొసా భుజానికెత్తుకున్నారు. మార్కండేయులన్న పక్కనే చెయ్యి వేసి నడిచాడు, వెనకాల నేను. పంజాగుట్ట బంగ్లాల ముందు పోతుంటే ఆయాలు, మాలీలు గేట్ల దగ్గరికి వచ్చి చూశారు. ఒకాయన పాడె అనుకుని చేతిలో బీడీ పారేసి దండం పెట్టాడు. ఒక పోలీసు జవాను ఆపి "క్యా హై యే?" అంటే, "నాడె సాబ్" అన్నాడు మార్కండేయులన్న. ఆ జవాను బల్లను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, ఈయన మొహం చూసి, పొండని చెయ్యూపాడు. ఆ రోజు నవ్వినట్టు మేము మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

నీళ్లలో వేయగానే బల్ల తేలింది. నర్సింహులు బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ పోతుంటే అది వాడి కిందే పుట్టినట్టు పోయింది. అప్పుడు వాడు లేచి నిలబడ్డాడు. నిలబడీ నిలబడకముందే కాళ్లు జర్రున జారి నీళ్లలో పడ్డాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. గట్టు మీద జనం చప్పట్లు. మార్కండేయులన్న మొహం పాలిపోయింది. "ఏమైందిరా?" అని అరిచాడు. "అలలు లేవు గద బావా, గందుకే. బల్ల బంగారమున్నది" అని అరిచాడు నర్సింహులు.

తిరిగి వచ్చేటప్పుడు తన కొస బావ భుజానికిచ్చి వాడు వెనకబడి నాతో నడిచాడు. "రుద్రక్కా, పైన గరుకుండాలె. దొర బల్ల మీద ఇసుక చల్లి ఉంటుండె. నాకు యాదికి రాలే, బావకు చెప్పలే. తప్పు నాది" అన్నాడు.

"అయితే ఇప్పుడు చెప్పు. ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దుతాడు, అయిపోతది."

"ఎట్ల చెప్పాలె అక్కా? ఎనిమిది దినాలు తిండి మాని రుద్దిండు. చూసినవా, జారితే ఆయన మొకం ఎట్లైందో? బొంబాయి వోయినంక నేనే రుద్దుకుంట. నువ్వు చెప్పకు."

నేను చెప్పలేదు. ఊరందరి మీదా లేచే నోరు నాది, అప్పుడే మూతపడింది. దానికి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

నాంపల్లి స్టేషన్లో బల్లను రైలు సామాన్ల పెట్టెలో ఎక్కించారు. కమలవ్వ స్టేషనుకు రాలేదు. నాలుగు తరగతులు చదువుకున్నదాన్ని కాబట్టి ఆ ఇంటి ఉత్తరాలు రాయడం, చదవడం నా పనే. మొదటి ఉత్తరం ఇరవై రోజులకు వచ్చింది. హోటలు పని దొరికింది, బల్లను చూసి దొరలు కూడా ఎవరు చేశారని అడుగుతున్నారు, బావ పేరు చెప్పాను అని రాశాడు. మార్కండేయులన్న ఆ ముక్క మూడుసార్లు చదివించుకున్నాడు. జవాబు రాస్తూ చివర నా మాటగా, "నేను చెప్పిన పని చేసుకున్నవా?" అని ఒక వాక్యం దూర్చాను. "రుద్రక్క అడిగిన పని రేపోమాపో చేస్త" అని వాడి జవాబు.

మూడో ఉత్తరం వాడితో ఉండే పెంటయ్య రాశాడు. కమలవ్వ ఆ రోజు పనికి పోలేదు, ఇద్దరూ నా ఎదురుగానే కూర్చున్నారు. "నర్సింహులు బల్ల మీద జారి పడ్డడు, బల్ల తిరిగొచ్చి దాని కొస నడుముకు తగిలింది, నడుము కింద సోయి లేదు, దవాఖానల ఉన్నడు" అని ఉంది. నేను చదివేటప్పుడు "జారి" అనే ముక్క మింగేశాను. "సముద్రంల పడ్డడు" అని చదివాను. కమలవ్వ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మార్కండేయులన్న పోయి వాణ్ని తీసుకొచ్చాడు. బల్లను కూడా తెచ్చాడు. అది లేనిదే రానని నర్సింహులు మొండికేశాడట. చూరు కింద గోడకు నిలబెట్టారు. ఎవరూ లేనప్పుడు నేను దాని మీద చెయ్యి పెట్టి రాసి చూశాను. నున్నగా ఉంది. అప్పుడెలా ఉందో అలాగే ఉంది.

లోపలికి పోయి మంచం పక్కన నిలబడి, "ఎందుకు రుద్దుకోలేదురా?" అని అడిగాను.  వాడు పైకప్పు వైపు చూస్తూ, "చెయ్యి రాలేదక్కా" అన్నాడు. "మూడుసార్లు ఇసుక తీస్కున్న. బావ రుద్దిన రుద్దుడంత కండ్లల్ల మెదిలింది. జర సంభాలించుకుంటే సాలనుకున్న. నెల రోజులు మంచిగనే నిలవడ్డ. బావకు మాత్రం చెప్పకు అక్కా. సచ్చిపోతడు."

మళ్లీ నోరు మూసుకున్నాను.

ఏడేళ్లు. మార్కండేయులన్న వాణ్ని పొద్దున ఎత్తి కూర్చోబెట్టేవాడు, ఒళ్లు పుండ్లు పడకుండా పూటకు నాలుగుసార్లు పక్కకు తిప్పేవాడు, మలమూత్రాలు ఎత్తేవాడు. సోయి లేని ఆ కాళ్లకు రోజూ నూనె రాసి పిసికేవాడు. కమలవ్వ మొగుడితో మాట్లాడడం మానేసింది. తప్పనిసరి అయితే గోడకు చెప్పినట్టు చెప్పేది. ఎప్పుడైనా కోపం పట్టలేకపోతే మాత్రం, "నేను అలికేసిన. నువ్వు మళ్ల గీసినవ్" అనేది. 

ఆయన్ని బతికించింది ఒక్కటే. నెలకోసారి ఆ బల్ల దుమ్ము తుడిచి, నూనె పట్టించి, గవ్వతో మెరుగు పెట్టేవాడు. పెడుతూ గోడ మీంచి నన్ను అడిగేవాడు: "సముద్రం జేసింది గద చెల్లే. బల్లల నా తప్పేం లేదు గద?"

"లేదన్నా" అనేదాన్ని. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్న ప్రతిసారీ లోపలి మంచం మీంచి నర్సింహులు దగ్గేవాడు.

యుద్ధం రోజుల్లో బేగంపేట విమానాల మైదానంలో తెల్ల సిపాయిలు దిగారు. మా వాడలో హనుమాండ్లు వాళ్లకు వంటింట్లో గిన్నెలు కడిగేవాడు, వాళ్ల మాటలు కొన్ని పట్టుకున్నాడు. 1944లో ఒక పొద్దున వాడు ఒక సిపాయిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ సిపాయికి సామాన్లు పెట్టుకునే చెక్కపెట్టె ఒకటి కావాలట. వాకిట్లో అడుగు పెట్టి, చూరు కింద బల్లను చూసి ఆ మనిషి కేక పెట్టాడు. ఆయన దేశంలో సముద్రం ఒడ్డున అందరూ ఎక్కేది ఇలాంటివేనట. పరుగున పోయి ముక్కు తడిమాడు, అంచులు తడిమాడు, కింద పడుకుని వంపు చూశాడు. "గిసొంటి బల్ల ఆళ్ల దేశంల సుత చూడలేదంటుండు అన్నా" అన్నాడు హనుమాండ్లు. ఏడేళ్ల తర్వాత మార్కండేయులన్న నవ్వడం ఆ రోజు చూశాను. నేను గోడ దగ్గరే ఉన్నాను. అక్కడితో పొమ్మని వాళ్లను నేను కసిరి ఉండాల్సింది.

సిపాయి బూట్లు విప్పి, బల్ల నేల మీద పెట్టించి ఎక్కాడు. జర్రున కాలు జారి కూలబడ్డాడు. పడి నవ్వుతూ, బల్ల మీద చెయ్యి కొట్టి ఏదో అన్నాడు. హనుమాండ్లు తెలివితక్కువ వెధవ, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పైన గింత నున్నగ ఎందుకు జేసినవ్ అంటుండు. గీ నునుపు మీద తడి కాలు పెడితే నడుములిరుగుతయంట. ఆళ్లు ఇసుక చల్లి గరుకు జేస్తరంట. గింత మంచిగ జేసెటోనికి గది తెల్వదా అని అడుగుతుండు."

మార్కండేయులన్న నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయడం ఆయనకు చేతకాలేదు. మెల్లిగా తిరిగి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అది చాలు ఆయనకు. లోపలికి పోయాడు. నేను గోడ చుట్టూ తిరిగి వెనకే పరుగెత్తాను.

"నీకు తెల్సారా?" అని అడుగుతున్నాడు మంచం దగ్గర.

నర్సింహులు కళ్లు మూసుకున్నాడు. "తెల్సు బావా."

"ఎప్పటిసంది?"

"హుసేన్ సాగర్ కాడికెల్లి."

"మరి రుద్దుకోవద్దా? ఒక్క దినం పని గదరా. ఒక్క పూట పని."

"నువ్వు జేసినదాన్ని పాడు జెయ్య బుద్ధి గాలే" అన్నాడు నర్సింహులు.

 మార్కండేయులన్న బయటికొచ్చి ఆకురాయి తీసుకుని బల్ల మీద కూర్చున్నాడు. హనుమాండ్లు, సిపాయి ఎప్పుడు వెళ్లిపోయారో తెలియదు. గరగరమని మొదలైంది. ఆ చప్పుడు లోపలికి వినగానే నర్సింహులు గావుకేక పెట్టాడు. "వద్దు బావా! రుద్దకు! నీ కాల్మొక్త, రుద్దకు బావా! అక్కా, ఆపమనే!" కమలవ్వ బయటికి వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. ఏడేళ్లలో ఆమె ఆయన్ని ముట్టుకోవడం అదే. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఏం కనపడిందో, ఆమె చెయ్యి వదిలేసి పక్కనే నేల మీద కూలబడింది. లక్క పొరలు పొరలుగా లేచి ఆమె ఒళ్లో పడుతుంటే దులుపుకోలేదు.

సాయంత్రం దాకా రుద్దాడు. వేళ్ల చర్మం లేచి రక్తం వచ్చింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క చోటైనా మెరుపు మిగల్చలేదు. లోపల నర్సింహులు అరిచి అరిచి గొంతు పోయి ఊరుకున్నాడు.

అప్పుడు మా ఆయన్ని పిలిచి, ఇద్దరూ బల్లను లోపలికి మోసి మంచం పక్కన పరిచారు. మార్కండేయులన్న నర్సింహుల్ని లేపి మంచం అంచున కూర్చోబెట్టాడు. వెదురు బద్దల్లా సన్నబడ్డ ఆ కాళ్లను కిందికి దించి, ఒక పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, బల్ల మీద ఆనించి అదిమాడు.

"ఇప్పుడు జూడు" అన్నాడు. "జారుతుందా?"

నడుము కింద సూది గుచ్చినా వాడికి తెలియదు. ఆ పాదాలను రోజూ పిసికే మనిషికి అది మా అందరికంటే బాగా తెలుసు. నర్సింహులు బావ తల వైపు చూశాడు, ఆ రక్తపు చేతుల వైపు చూశాడు.

"జారుత లేదు బావా. గట్టిగ వట్టుకున్నది."

ఆయన ఆ పాదాన్ని లేపి జానెడు ముందుకు జరిపి పెట్టాడు.

"ఈడ?"

"ఆడ సుత జారుత లేదు."

ఇంకో జానెడు జరిపాడు.

"ఈడనో?"

"ఆడ సుత బావా" అన్నాడు నర్సింహులు, కళ్లనీళ్లు గడ్డం మీంచి కారుతుంటే.